‘పెట్ సెమెటరీ’ చదివినవాళ్ళు ఉన్నారా? ఇది దెయ్యం కథా, ఏడుపు కథా?

పటమట పుస్తకాలపురుగు
స్టీఫెన్ కింగ్ ‘పెట్ సెమెటరీ’ ఇప్పుడే ముగించాను. జనవరి పుస్తకాల పండగలో "మంచి దెయ్యం నవల ఒకటి ఇవ్వు బాబూ" అంటే స్టాల్ అబ్బాయి ఇది చేతిలో పెట్టాడు. దెయ్యాలు నాకు కొత్త కాదు, వారపత్రికల్లో చేతబడి సీరియల్స్ చదివి పెరిగినదాన్నే.

సగం పుస్తకం దాకా ఒక సంసారం నడుస్తుంది. షికాగో నుంచి మెయిన్ రాష్ట్రంలోని లడ్లో అనే చిన్న ఊరికి మారిన డాక్టర్ లూయిస్, భార్య రేచెల్, బడికెళ్ళే కూతురు ఎల్లీ, ఇంకా మాటలు సరిగా రాని గేజ్, చర్చ్ అనే పిల్లి. ఇంటి ముందు లారీల రోడ్డు. వెనక అడవిలో, ఊళ్ళో పిల్లలు తమ కుక్కల్నీ పిల్లుల్నీ పాతిపెట్టుకునే శ్మశానం. దాని అవతల ఇంకో నేల ఉంది, అక్కడ పాతిపెడితే చచ్చినవి తిరిగొస్తాయి. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత పసివాణ్ణి లారీ కింద పడేశాడు మహానుభావుడు. అక్కడి నుంచి నాకు భయం లేదు, కడుపులో దేవడమే. పడుకోబోయే ముందు మావాడి గదిలోకి వెళ్ళి ఊపిరి చూసి వస్తున్నా.

నా కోపం ఏమిటంటే, భయపెడతానని డబ్బు తీసుకుని ఇలా ఏడిపించడం మోసం కాదా? దెయ్యాన్ని తీసేసినా ఆ తండ్రి బాధ అలాగే ఉంటుంది. మరి దెయ్యం దేనికి?

గుంటూరు ఘాటు
స్పాయిలర్ అని ఒక ముక్క పైన రాయొచ్చుగా తల్లీ! నేనింకా పిల్లి దగ్గరే ఉన్నా.

లెనిన్ సెంటర్ లైబ్రరీ
1983లో వచ్చిన పుస్తకానికి ఇప్పుడు స్పాయిలర్ ఏంటి గురూ. భీష్ముడు పడిపోతాడని కూడా చెప్పకూడదంటావా?

గుంటూరు ఘాటు
అది కూడా చెప్పేశావా!

కృష్ణలంక కళ్యాణి
పురుగు గారూ, దెయ్యం దేనికి అన్నారు కదా. అది లేకపోతే లూయిస్‌కి ఏడవడం తప్ప వేరే దారి లేదు. ఏడుస్తాడు, ఎప్పటికో తేరుకుంటాడు. ఈ కథలో మాత్రం ‘తెచ్చుకోవచ్చు’ అనే దారి ఒకటి తెరిచి ఉంది. తిరిగొచ్చిన పిల్లి పాత పిల్లి కాదని, కంపు కొడుతోందని, ఎలుకల్ని ఊరికే చీల్చి పడేస్తోందని అతను కళ్ళారా చూశాడు. అన్నీ తెలిసే కొడుకుని తవ్వి తీస్తాడు. నాకు భయం వేసింది ఆ తెలిసి చేయడం దగ్గరే.

మా మేనత్త కొడుకు బైక్ యాక్సిడెంట్‌లో పోయాక ఆవిడ సోది చెప్పించుకోవడానికి వెళ్ళింది. తోడుగా నన్ను తీసుకెళ్ళింది. చేటలో బియ్యం, పసుపు, కుంకుమ, ఆకు వక్క. సోదమ్మ కళ్ళు మూసుకుని కాసేపు ఊగి, గొంతు మార్చి "అమ్మా, నేనొచ్చానే" అంది. అది మా బావ గొంతు కాదని అత్తకి తెలియదా? ఆవిడ అడిగింది ఒక్కటే, "అన్నం తిన్నావా నాన్నా?" అని. ఇక ఆగలేదు, మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. మామయ్య గొడవ పెట్టుకున్నా, మా అమ్మ నచ్చజెప్పినా వినలేదు. అలాంటి నేల ఒకటి ఉందని ఎవరైనా చెప్పి ఉంటే మా అత్త పలుగు, పార ఎక్కడున్నాయని అడిగేది, అంతే.

సింగ్‌నగర్ శీను
అత్తగారి సంగతి చదివి మనసు అదోలా అయింది అక్కా. కానీ లూయిస్ చదువుకున్నవాడు, అందులోనూ డాక్టర్. ఇంత మూర్ఖంగా చేస్తాడంటే నేను నమ్మలేకపోయా. కథ నడవాలి కాబట్టి రచయిత చేయించాడు.

డ్యూటీ డాక్టర్
శీను గారూ, డాక్టర్లకి సొంతింట్లో చావు వస్తే బుర్ర పనిచేస్తుందని ఎవరు చెప్పారు మీకు? ఐసీయూలో వేరేవాళ్ళకి "ఇక లాభం లేదండీ, ఇంటికి తీసుకెళ్ళండి" అని చెప్పే మా సీనియర్ ఒకాయన, వాళ్ళ నాన్నగారి విషయం వచ్చేసరికి వెంటిలేటర్ తీయనివ్వలేదు. మేమందరం రిపోర్టులు చూశాం, ఆయనా చూశారు. నవల్లో ఉద్యోగంలో చేరిన మొదటిరోజే కారు గుద్దిన కుర్రాడు, పాస్కో, లూయిస్ చేతుల్లో పోతాడు. తర్వాత వచ్చి అటు వెళ్ళొద్దని హెచ్చరించేది కూడా వాడే. చావు సహజం అని కూతురికి చక్కగా పాఠం చెప్పినవాడు లూయిస్. చెప్పినవాడే తవ్వుతాడు. నాకు అందులో అబద్ధం ఏమీ కనిపించలేదు.

తెనాలి రామకృష్ణ కాదు
ఏదేమైనా ఈ కథ బెజవాడలో నడవదు. మనం కాల్చేసి అస్థికలు కృష్ణలో కలిపేస్తాం. తవ్వుకోవడానికి ఏం మిగులుతుంది?

గుంటూరు ఘాటు
కరెక్ట్. కింగ్ గారు ఒక్కసారి మన స్వర్గపురి శ్మశానానికి వచ్చి చూస్తే నవల పది పేజీల్లో ముగిసేది.

కృష్ణలంక కళ్యాణి
పసిపిల్లల్ని మన దగ్గరా కాల్చరు. పాతిపెడతారు.

తెనాలి రామకృష్ణ కాదు
...నిజమేనండి. ఆ వైపు ఆలోచించలేదు.

బ్రాడీపేట 4/14
జెల్డా గురించి ఎవరూ మాట్లాడరేం? అసలు కథ అక్కడుంది. జెల్డా రేచెల్‌కి అక్క. వెన్నెముక మెనింజైటిస్‌తో మంచాన పడితే వెనక గదిలో పెట్టేస్తారు, బయట ఆమె ఊసే ఎత్తరు. ఎనిమిదేళ్ళ రేచెల్‌ని ఆమె దగ్గర ఒంటరిగా వదిలి అమ్మానాన్నా బయటికెళ్ళిన రోజే ప్రాణం పోతుంది. రేచెల్ కేకలు పెడుతూ వీధిలోకి పరిగెడితే చూసినవాళ్ళు ఏడుస్తోందనుకుంటారు. తను నవ్వానేమోనని రేచెల్‌కి పెళ్ళై పిల్లలు పుట్టాక కూడా అనుమానం. అందుకే ఇంట్లో చావు అన్న మాట ఎత్తితే చాలు, మీద పడిపోతుంది. కూతురితో ఆ విషయం మాట్లాడాడని మొగుడితో పెద్ద గొడవ.

మా నాయనమ్మ పక్షవాతంతో మంచాన పడితే చేసిందంతా మా అమ్మే. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, వీపు తుడిచి పౌడర్ రాయడం, జావ పట్టించడం, పైగా ఆవిడ చేత తిట్లు తినడం. వాళ్ళ కొడుకులు ఆదివారం వచ్చి కుర్చీలో కూర్చుని "అమ్మ బాగా తగ్గిపోయింది" అని వెళ్ళేవాళ్ళు. నాయనమ్మ పోయాక, కార్యం అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయిన సాయంత్రం, అమ్మ ఆ ఖాళీ గదిలో ఫ్యాన్ వేసుకుని చాప కూడా లేకుండా నేల మీద వెల్లకిలా పడుకుని "అమ్మయ్య" అంది. గుమ్మంలో నన్ను చూసి గబుక్కున లేచి కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. నన్ను చూసి అమ్మ భయపడటం అదొక్కసారే. ఇప్పటిదాకా దాని గురించి మేమిద్దరం మాట్లాడుకోలేదు.

రేచెల్ చెప్పుకునే పేజీలు చదివాక పుస్తకం అమ్మకి ఇద్దామనుకున్నా. అమ్మకి ఇంగ్లిష్ రాదు. రాకపోవడమే మంచిదైందేమో కూడా.

పటమట పుస్తకాలపురుగు
బ్రాడీపేట గారూ, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయా. అమ్మగారితో ఒక్కసారి మాట్లాడండి. పుస్తకం సంగతి పక్కన పెట్టండి.

డ్యూటీ డాక్టర్
మీ అమ్మగారిలాంటి వాళ్ళని రోజూ చూస్తాను. ఏళ్ళ తరబడి చాకిరీ చేసినవాళ్ళకి ముందు వచ్చేది నిట్టూర్పే, ఏడుపు తర్వాత వస్తుంది. అది తప్పు కాదు. కానీ జెల్డా విషయంలో కింగ్ మీద నాకు కోపం ఉంది. జబ్బుమనిషిని పట్టుకుని రాక్షసిలా రాశాడు. ఎముకలు, మెలికలు తిరిగిన ఒళ్ళు, కుళ్ళుబోతు బుద్ధి... ఆ పిల్ల కూడా పిల్లే కదండీ.

బ్రాడీపేట 4/14
ఎనిమిదేళ్ళ పిల్ల కళ్ళతో రాశాడు కదా, అలాగే కనిపిస్తుంది.

డ్యూటీ డాక్టర్
రేచెల్ అలా చూడటం సరే. రచయిత కూడా అక్కడే కూర్చున్నాడు. ఆ గదిలో పడుకుని చూస్తే ఇల్లు ఎలా ఉండేదో ఒక్క పేరా రాసినా సరిపోయేది.

లెనిన్ సెంటర్ లైబ్రరీ
మోసం అన్న మాట మొదట వచ్చింది కాబట్టి చెబుతున్నా. 1970ల చివర్లో కింగ్ మెయిన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ ఆరింగ్టన్‌లో ఒక ఇంట్లో అద్దెకుండేవాడు. ఇంటి ముందు అచ్చం అలాంటి లారీల రోడ్డే. వెనక పిల్లలు చేసుకున్న జంతువుల శ్మశానం కూడా ఉంది. కూతురి పిల్లి ఆ రోడ్డు మీదే చచ్చిపోయింది. చిన్న కొడుకు ఒకసారి రోడ్డు వైపు పరిగెత్తాడు, అదృష్టం బాగుండి ఆపగలిగారు. ఆపలేకపోతే ఏమయ్యేది అని కూర్చుని రాసిందే ఈ నవల. రాశాక మరీ ఘోరంగా ఉందని తనే లోపల పెట్టేశాడు. చివరికి డబుల్‌డే అనే ప్రచురణ సంస్థతో ఒప్పందం తీర్చుకోవడానికి ఇంకో పుస్తకం ఇవ్వాల్సి వచ్చి దీన్ని బయటికి తీశాడు. మనల్ని మోసం చేయాలనుకున్నవాడు సొరుగులో దాచుకోడు కదా.

పటమట పుస్తకాలపురుగు
కొడుకు బతికాడు కాబట్టి రాయగలిగాడు అంటారు. సరే, మోసం అన్న మాట కొంచెం తగ్గిస్తా. కానీ ఆ ఒక్క అధ్యాయం మాత్రం క్షమించను. లూయిస్ పరిగెత్తి గేజ్ జాకెట్ పట్టుకుంటాడు, ఇద్దరూ పడిపోతారు, పిల్లాడు బతుకుతాడు, పెరుగుతాడు, ఈతగాడై ఒలింపిక్స్‌కి వెళ్తాడు. నేను నమ్మేశా! అంతలో అదంతా తండ్రి ఊహ అని తెలుస్తుంది. రోడ్డు మీద టోపీ ఉంది, టోపీ నిండా రక్తం. అప్పుడు పుస్తకం మూసి ఫ్రిజ్ పైన పెట్టేశా, చేతికి అందకుండా.

సింగ్‌నగర్ శీను
ఫ్రిజ్ పైన పెట్టడం మంచిదేనండీ. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ఇంట్లోకొచ్చినప్పుడు నా కింగ్ పుస్తకాలన్నీ నానిపోయాయి. నీళ్ళు తీశాక డాబా మీద ఆరబెట్టా. తిరిగొచ్చాయి గానీ చర్చ్ లాగే వచ్చాయి, పక్కన కూర్చోలేం.

గుంటూరు ఘాటు
😂 ఎలుకల్ని కూడా చంపుతున్నాయా?

మంగళగిరి మాస్టారు
నాకు టోపీ కంటే గాలిపటం బాధ. పిల్లాడు పోవడానికి కొన్ని వారాల ముందు లూయిస్ వాడికి దారం పట్టుకోవడం నేర్పుతాడు. గాలి లాగుతుంటే వాడు నవ్వుతాడు. వాడిక ఎక్కువ కాలం బతకడని రచయిత అక్కడే చెప్పేస్తాడు. మనకి తెలుసు, తండ్రికి తెలియదు. సంక్రాంతికి మా మనవడు దారం పట్టుకుని "తాతా, లాగుతోంది" అన్నప్పుడు చెయ్యి వణికింది. చదువుకున్న శాపం.

పిల్లల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. బళ్ళో పనిచేసినన్నాళ్ళూ చూశాను. తండ్రి పోయిన పిల్లాడికి ‘నాన్న ఊరెళ్ళాడు’ అని చెప్పమంటారు. ఒకమ్మాయి సాయంత్రం బడి వదలగానే గేటు దగ్గర నిలబడేది, వాళ్ళ నాన్న ఊరి నుంచి ఇటే వస్తాడని. క్లాసులో అందరికీ తెలుసు, ఆ పిల్లకి తప్ప. ఎల్లీ నయం. పిల్లి ఎప్పటికైనా చచ్చిపోతుందని తెలిసి, దేవుడికి కావాలంటే సొంత పిల్లిని తెచ్చుకోమను, నా పిల్లి ఎందుకు అని గొడవ చేస్తుంది. గొడవ చేయనిస్తే చాలు.

డ్యూటీ డాక్టర్
మాస్టారూ, ‘ఊరెళ్ళాడు’ ఒక రకం. ‘నిద్రపోయాడు’ ఇంకా ప్రమాదం. కొందరు పిల్లలు అది విన్నాక రాత్రిళ్ళు పడుకోవడానికే భయపడతారు. అయిదేళ్ళలోపు వాళ్ళకి చావంటే ఇక రారు అని ఒకపట్టాన అర్థం కాదు, మళ్ళీ మళ్ళీ అడుగుతారు. విసుక్కోకుండా అదే జవాబు చెప్పాలి: శరీరం పనిచేయడం ఆగిపోయింది, మళ్ళీ రారు.

తెనాలి రామకృష్ణ కాదు
ఇందాకటి జోకుకి పరిహారంగా ఒక అనుభవం. మా తాతయ్య పదకొండో రోజు ఘాట్‌లో పిండం పెడితే కాకి ముట్టలేదు. గోడ మీద వరసగా కూర్చుని చూస్తున్నాయి, ఒక్కటీ దిగదు. ఎండ మండిపోతోంది. పంతులుగారు "ఏదో కోరిక మిగిలిపోయింది, మాటివ్వండి" అన్నారు. మా నాన్న "చెల్లెలి పెళ్ళి నేను చేస్తా" అన్నాడు. కదల్లేదు. బాబాయి "ఇల్లు అమ్మం" అన్నాడు. కదల్లేదు. చివరికి ఇరవై ఏళ్ళుగా తాతయ్యతో మాటల్లేని మా పెద్దనాన్న ముందుకొచ్చి "నేనే మాట్లాడాల్సింది నాన్నా" అన్నాడు. ఒక కాకి దిగింది. ఆకలేసి దిగిందని నా లెక్క. కానీ అక్కడున్నవాళ్ళందరూ ఏడ్చారు, పెద్దనాన్న అయితే నీళ్ళలోనే కూలబడ్డాడు. లూయిస్‌కి అలాంటి రోజు లేదు. పేటిక దగ్గర నిలబడి వచ్చినవాళ్ళతో చేతులు కలపడం, అంతే.

బ్రాడీపేట 4/14
అక్కడ కూడా మామ వదల్లేదు. నీ వల్లే పోయాడని పేటిక ముందే అల్లుడి మీద పడి కొడతాడు. తోపులాటలో పేటిక కింద పడుతుంది. మన దినాల్లో కుర్చీలు లేవడం చూశా గానీ ఇది చదవలేకపోయా.

సింగ్‌నగర్ శీను
కర్మకాండ ఉంటే అందరూ బాగుపడతారనేం లేదన్నా. కళ్యాణి అక్క వాళ్ళ అత్తకి అన్నీ జరిపించే ఉంటారుగా. మరి సోదికి ఎందుకెళ్ళింది?

కృష్ణలంక కళ్యాణి
జరిపించాం. 2016 పుష్కరాల్లో మళ్ళీ పిండం కూడా పెట్టించాం. వెళ్తూనే ఉంది. మా అత్త మానేసింది ఆ సోదమ్మ ఊరు మారిపోయాకే.

లెనిన్ సెంటర్ లైబ్రరీ
ఈ కథకి తాతలాంటిది ఇంకోటుంది, డబ్ల్యూ.డబ్ల్యూ. జాకబ్స్ 1902లో రాసిన ‘ది మంకీస్ పా’. మంత్రం పెట్టిన కోతి చెయ్యి ఒక ముసలి జంటకి దొరుకుతుంది. రెండు వందల పౌన్లు కోరుకుంటే కొడుకు మిషన్‌లో పడి పోయిన పరిహారంగా సరిగ్గా అంతే వస్తుంది. తల్లి కొడుకుని వెనక్కి కోరుతుంది. రాత్రి తలుపు చప్పుడవుతుంది. ఆవిడ గడియ తీసేలోపు తండ్రి మూడో కోరిక కోరేస్తాడు, బయట ఎవరూ ఉండరు. కింగ్ ఆ తలుపు తెరిచి చూపించాడు. నా ఓటు జాకబ్స్‌కే. చూపించాక గేజ్ ఒక సినిమా దెయ్యం అయిపోయాడు, చేతిలో కత్తి ఒకటి.

గుంటూరు ఘాటు
కత్తి కూడానా? ఇక నేను చదవక్కర్లేదు, థాంక్స్.

డ్యూటీ డాక్టర్
కత్తి అంటే నాన్న బ్యాగ్‌లోని స్కాల్పెల్. ప్రాణం పోయడానికి వాడేది. అది ఊరికే పెట్టలేదు.

సింగ్‌నగర్ శీను
యండమూరి ‘తులసిదళం’లోనూ పసిపిల్ల మీదే కదా చేతబడి. అప్పుడు ఎవరూ మోసం అనలేదే?

పటమట పుస్తకాలపురుగు
అక్కడ తులసిని కాపాడాలని పరుగులు పెడుతుంటారు, మనమూ వాళ్ళతో పరిగెడతాం. ఇక్కడ పరిగెత్తడానికి ఏముంది, పిల్లాడు పోయాడు. సగం పుస్తకం ఇంకా ఉంది.

మంగళగిరి మాస్టారు
సినిమాలు చూసి పుస్తకం వదిలేసేవాళ్ళకి: 1989 సినిమాకి స్క్రీన్‌ప్లే కింగే రాశాడు, పర్వాలేదు. 2019 దాంట్లో గేజ్ బదులు ఎల్లీ పోతుంది. మాట్లాడే పిల్ల తిరిగొస్తే కథ వేరే అయిపోయింది.

బ్రాడీపేట 4/14
అసలు దోషి పక్కింటి జడ్ ముసలాయన అని నా అభిప్రాయం. ఆ నేల సంగతి తెలిసీ పిల్లిని పాతిపెట్టడానికి అంత రాత్రి లూయిస్‌ని తీసుకెళ్ళాడు. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన టిమ్మీ బేటర్‌మన్‌ని తండ్రి అలా తెచ్చుకుంటే ఏమైందో కళ్ళారా చూసినవాడు.

మంగళగిరి మాస్టారు
ఉపకారానికి ప్రత్యుపకారం అనుకున్నాడు పాపం. హాలోవీన్ రోజు భార్య నార్మాకి గుండెపోటు వస్తే లూయిస్ బతికించాడుగా. కానీ ఒకటి గమనించారా? తర్వాత నార్మా పోతుంది. ఆ దారి జడ్‌కి కళ్ళు మూసుకున్నా తెలుసు. అయినా ఆవిణ్ణి మామూలు శ్మశానంలోనే పాతిపెట్టాడు.

సింగ్‌నగర్ శీను
ఆవిడ నిండా బతికిన ముసలావిడ మాస్టారూ. గేజ్ పసివాడు. రెండూ ఒకటెలా అవుతాయి?

కృష్ణలంక కళ్యాణి
వయసు ఒక్కటే కాదు శీనూ. నార్మా పోయినప్పుడు జడ్‌కి లూయిస్ తోడున్నాడు. గేజ్ పోయాక లూయిస్‌కి ఎవరున్నారు? భార్యకి మత్తుమందిచ్చి పడుకోబెట్టారు, మామ కొట్టాడు, ఎల్లీ తమ్ముడి ఫోటో పట్టుకుని తిరుగుతోంది.

బ్రాడీపేట 4/14
జడ్ ఉన్నాడుగా. ఆ టిమ్మీ కథ చెప్పింది కూడా అప్పుడే, గేజ్ పోయాక, వద్దని ఆపడానికి. పిల్లి చచ్చిన రోజే చెప్పి ఉంటే సరిపోయేది కదండీ.